పాటకి జీతం ఎవరిస్తారు?

ప్లేస్‌మెంట్ సీజన్‌లో మన హాస్టల్లో ఎవరిని కదిపినా వినబడేది ఒకటే మాట: "ప్యాకేజీ ఎంతట?" ఆ కంపెనీ ఏం తయారు చేస్తుంది, అక్కడ రోజూ చేసే పనేంటి, ఇవన్నీ తర్వాత. ఈ ప్రశ్నని వెక్కిరించడానికి నేను ఈ వ్యాసం రాయట్లేదు. నిజానికి అది చాలా మంచి ప్రశ్న. దాన్నే ఇంకొంతమందిని అడిగి చూద్దామని రాస్తున్నాను. ఒక వయొలిన్ విద్వాంసుడు, ఒక డ్రాయింగ్ మాస్టారు, ఒక జానపద గాయకుడు, ఒక లక్కబొమ్మల పనివాడు. నెల తిరిగేసరికి వీళ్ళింట్లోకి బియ్యం ఎలా వచ్చాయి? ఆ డబ్బు ఎవరిచ్చారు?

కళాకారుల మీద వచ్చే వ్యాసాల్లో బిరుదులు ఉంటాయి, సన్మానాలు ఉంటాయి, గజమాలలు ఉంటాయి. జీతం సంగతి మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఖాళీ నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది.

నాకు తెలిసిన ప్రాంతం మా ఉత్తరాంధ్ర. అంటే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు. "వెనకబడిన ప్రాంతం" అని పేపర్లో రాసినప్పుడల్లా మా పేరే వస్తుంది. కానీ తెలుగు సంగీతం, తెలుగు బొమ్మ అనగానే గుర్తొచ్చే పేర్లలో ఎన్నో ఇక్కడివే. ప్రతిభకి ఇక్కడ ఏ కాలంలోనూ కరువు రాలేదు. మారిందల్లా డబ్బు వచ్చే దారి. అది మారినప్పుడల్లా కళాకారుడు సొంత ఊళ్ళో ఉండగలడా, ఊరొదిలి పోవాలా అన్నది కూడా మారిపోయింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

రాజుగారి బహుమతి నుంచి నెల జీతానికి

సంస్థానాల రోజుల్లో విద్వాంసుడి బతుకు చాలా వరకు బహుమతుల మీద నడిచేది. రాజుగారు మెచ్చితే శాలువా, నగదు, ఒక్కోసారి భూమి. మెచ్చకపోతే ఇంకో సంస్థానం చూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే పక్కా ఫ్రీలాన్సింగ్. క్లయింటు మంచివాడైతే పండగ, లేకపోతే పస్తు.

ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టింది 1864లో, బొబ్బిలి దగ్గర అజ్జాడలో. హరికథా పితామహుడని ఆయనకి పేరు. కాళ్ళకి గజ్జె కట్టి, చేతిలో చిడతలు పట్టుకుని, ఒక్క మనిషే కథ చెప్తూ, పాడుతూ, ఆడుతూ కొన్ని గంటల పాటు జనాన్ని కూర్చోబెట్టే కళ అది. ఊరూరూ తిరిగి కథలు చెప్పి పేరు తెచ్చుకున్నారు, విజయనగరం సంస్థానంలో విద్వాంసుడయ్యారు.

1919లో విజయనగరంలో ఒక కొత్త పని జరిగింది. మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీతానికి ఒక పాఠశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారే. అదే ఏడు వయొలిన్ నేర్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు పాతిక దాటిందంతే. చూపు సరిగ్గా లేక చిన్నప్పుడే బడి మానేసి, అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్న మనిషి. విద్యార్థిగా చేరడానికి వెళ్తే, ఆయన వాయించింది విని పాఠాలు చెప్పమన్నారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథ విన్నవాళ్ళందరూ "ఆహా, ఏం ప్రతిభ" అంటారు. నాకు మాత్రం ఇందులో ఉద్యోగం పెద్ద విషయంగా కనిపించింది. చూపు మందగించిన ఒక కుర్రాడికి సంగీతం మీద నెల జీతం వచ్చింది. జీతం ఉంటే రేపటి కచేరీ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. సాధనకి టైం దొరుకుతుంది. పాఠం చెప్తున్నాడు కాబట్టి శిష్యులు తయారవుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్ళోనే ఉండొచ్చు. 1936లో ఆయన ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. అంతవరకు గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ని ఒంటరిగా వేదిక మీద నిలబెట్టిన వాళ్ళలో ఆయనొకరు. ఆ పేరుకి పునాది పడింది విజయనగరంలో, పాఠం చెప్పే ఉద్యోగంలో ఉండగానే.

రాజుగారు అప్పటిదాకా ఇచ్చిన బహుమతులు ఎవరో ఒక్కరికి చేరాయి. ఈ పాఠశాల మాత్రం వందేళ్ళు దాటినా నడుస్తోంది. ఇప్పుడది ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల.

నాకు ఇదంతా పట్టడానికి ఇంట్లో ఒక కారణం ఉంది. మా చెల్లి వీణ నేర్చుకుంటోంది. మా పెద్దమ్మ వచ్చినప్పుడల్లా దాని చేత వాయించుకుని, ముచ్చటపడి, చివర్లో అడుగుతుంది: "బాగా వాయిస్తన్నావే అమ్మా. ఇంటరు అయ్యాక ఆపేస్తావు కదా?" తిట్టు కాదు, వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతుంది. దానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

మద్రాసు రైలు

తర్వాత సినిమా వచ్చింది. దాంతో డబ్బు వచ్చే చోటు మారిపోయింది.

సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టారు సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయన నాన్నగారు ద్వారం వారి కచేరీలకి మృదంగం వాయించారు. రాజేశ్వరరావు గారు చిన్న వయసులోనే గ్రామఫోన్ రికార్డులు ఇచ్చి, 1935లో వచ్చిన 'శ్రీకృష్ణ లీలలు' సినిమాలో కృష్ణుడి వేషం వేశారు. తర్వాత 'మల్లీశ్వరి'కి సంగీతం ఆయనే. తండ్రి వాద్యం ఇక్కడి కచేరీల్లో మోగితే, కొడుకు జీవితం మద్రాసులో గడిచింది.

పి. సుశీల గారు విజయనగరం అమ్మాయి. 1935లో పుట్టారు, నాన్నగారు వకీలు. ఇక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. 1950ల మొదట్లో మద్రాసులో సినిమాకి పాడటం మొదలుపెట్టారు. 2016లో గిన్నిస్ వాళ్ళు గుర్తించిన లెక్క 17,695 పాటలు. ఆ పాటలు పాడింది ఆరుకి పైగా భాషల్లో.

ఘంటసాల గారు మా ప్రాంతం వారు కాదు, కృష్ణా జిల్లా. కానీ సంగీతం నేర్చుకోడానికి వెతుక్కుంటూ వచ్చింది విజయనగరానికే. జోలె పట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కుని, అంటే మధూకరం చేసుకుంటూ చదివారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన గురువు. ఘంటసాల గారు కూడా చివరికి ఎక్కింది మద్రాసు రైలే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ముగ్గురూ గొప్పవాళ్ళయ్యారు, సంతోషం. కానీ ముగ్గురూ ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? రికార్డింగ్ థియేటర్లు, స్టూడియోలు, నిర్మాతలు, ఆర్కెస్ట్రా, పత్రికలు అన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి కాబట్టి. ఒక వయొలిన్ టీచరుకి ఎక్కడైనా పిల్లలు దొరుకుతారు. ఒక ప్లేబ్యాక్ సింగర్‌కి మాత్రం పొద్దున ఫోనొస్తే మధ్యాహ్నానికి మైకు ముందు ఉండాలి. మనం హైదరాబాద్, బెంగళూరు వెళ్ళడానికి కారణం కూడా ఇంతే కదా. కోడింగ్ శ్రీకాకుళంలో కూర్చుని కూడా చెయ్యొచ్చు, కానీ ఉద్యోగం ఇచ్చేవాడు అక్కడ లేడు. మా ప్రాంతం ఇంజనీర్లని ఎగుమతి చేయడం కన్నా ముందే గొంతుల్ని ఎగుమతి చేసింది.

డ్రాయింగ్ మాస్టారి రెండు ఉద్యోగాలు

బొమ్మలేసేవాళ్ళ దారి వేరే. మీ తాతగారింట్లో పాత 'చందమామ'లు, 'యువ' దీపావళి సంచికలు ఉంటే ఒకసారి అట్టలు చూడండి. పసుపు రాసుకున్న పాదాలు, పూలజడలు, పండగ సందడి, పురాణాల్లోని అమ్మవార్లు. చాలా వాటి మీద ఒక మూల చిన్న వింత సంతకం ఉంటుంది. అది వడ్డాది పాపయ్య గారిది, అందరూ వపా అంటారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. 1992లో చనిపోయే ముందు చివరి రోజులు అనకాపల్లి దగ్గర కశింకోటలో గడిపారు. దశాబ్దాల పాటు తెలుగు ఇళ్ళన్నిటికీ తెలిసిన బొమ్మలు ఆయనవి. మరి ఆయన ఉద్యోగం? మాడుగుల హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు.

ఇప్పుడు మనం "డే జాబ్, సైడ్ హజిల్" అని స్టైల్‌గా చెప్పుకునే పద్ధతి వపా తరంలోనే ఉందన్నమాట. బడి జీతంతో ఇల్లు గడుస్తుంది, పత్రిక అట్ట మీద బొమ్మ పేరు తెస్తుంది. పత్రిక చందాదారులు వేలమంది తలా కొంచెం ఇస్తే ఆ డబ్బులోంచి బొమ్మకి ఇంత వచ్చేది. అంటే రాజుగారి స్థానంలో మన తాతలు, అమ్మమ్మలు కూర్చున్నారు.

విజయనగరంలోనే 1919లో పుట్టిన అంట్యాకుల పైడిరాజు గారిది ఇంకో దారి. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని, తిరిగొచ్చి సొంత ఊళ్ళో చిత్రకళ నేర్పే పాఠశాల పెట్టారు. పల్లె ఆడవాళ్ళు, వాళ్ళ చీరల అంచులు, బొట్లు, పని చేసుకునే చేతులు ఆయన బొమ్మల్లో కనిపిస్తాయి. శిల్పాలు కూడా చేశారు. మద్రాసు వెళ్ళి వెనక్కి రావడం అన్నది సంగీతం వాళ్ళలో అంతగా కనబడదు. బొమ్మలవాళ్ళకి అది వీలైంది, ఎందుకంటే బొమ్మ నేర్పడానికి బళ్ళు ఉన్నాయి, బళ్ళలో డ్రాయింగ్ మాస్టారు అనే పోస్టు ఉంది.

"ఉంది" అని రాశాను గానీ, నా స్కూలు రోజులు గుర్తు చేసుకుంటే నవ్వొస్తుంది. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ టైం టేబుల్లో ఉండేది, కానీ ఆ గంటలో లెక్కల సార్ వచ్చేవారు. మీ స్కూల్లోనూ అంతే అయ్యుంటుంది. అలా ఒక్కో స్కూల్లో ఒక్కో పీరియడ్ పోయిన కొద్దీ వపా లాంటి ఒక మనిషికి ఇల్లు గడిపే జీతం ఒకటి పోయినట్టే. పిల్లలకి బొమ్మలు రాకపోవడం ఒక నష్టమైతే, బొమ్మలొచ్చిన పెద్దవాళ్ళకి ఉద్యోగం లేకపోవడం రెండోది. రెండోది ఎవరికీ కనబడదు.

షిప్‌యార్డులో ఫిట్టరు

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. పగలు ఇనుముతో పని, మిగతా టైం పాట. మా యాసలో, మా జానపద బాణీల్లో వందల పాటలు కట్టారు. 1970ల్లో పుట్టిన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఆయనొకరు. 2020 ఆగస్టు 4న చనిపోయారు. ఆయన రాజకీయాలతో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఉత్తరాంధ్ర మాటతీరుని తెలుగు వాళ్ళందరి నోటా పలికించిన మనిషి అనేది మాత్రం కాదనలేం.

ఆయన పాటలకి డబ్బిచ్చిన యజమాని ఎవరూ లేరు. అందుకే ఆ పాట ఎవరినైనా నిలదీయగలిగింది. రాజుగారు ఇచ్చిన జీతంతో రాజుగారిని తిట్టే పాట పాడలేం కదా. కానీ దానికి ఖరీదు ఉంది. పాట పుట్టిస్తున్నన్నాళ్ళూ తిండి ఇంకో చోట సంపాదించుకోవాలి.

జానపద కళాకారులు చాలామందిది ఇదే పరిస్థితి. తప్పెటగుళ్ళు చూసే ఉంటారు. గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, పదిహేను ఇరవై మంది ఒకే ఊపులో వాయిస్తూ గెంతుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. తరతరాలుగా యాదవులు కాపాడుకొచ్చిన కళ. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున వీధుల్లో చూడాలి ఆ సందడి. పండగ అయిపోతే? గొర్రెలు, పొలం, కూలిపని. ఏడాదిలో వాళ్ళు కళాకారులుగా ఉండేది కొన్ని రోజులే. మిగతా రోజుల్లో వాళ్ళని మనం కళాకారులుగా గుర్తుపట్టం.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చేది కొంత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి డప్పు కళాకారుల పింఛను నెలకి 4,000 రూపాయలైంది. అది చిన్న విషయం కాదు, మందులకి, బియ్యానికి పనికొస్తుంది. కానీ పింఛను పాట ఆగిపోయే వయసుకి వచ్చే డబ్బు. ఇరవై ఏళ్ళ కుర్రాడు తప్పెట పట్టుకోవాలా, చెన్నైలో సెక్యూరిటీ గార్డుగా చేరాలా అని తేల్చుకునే రోజున అది సాయం చెయ్యదు.

మొన్న ఒక కాలేజీ ఫెస్ట్‌కి వెళ్ళాను. డీజేకి అడ్వాన్స్ ముందే వెళ్ళింది, మిగతాది స్టేజీ ఎక్కక ముందే ఇచ్చారు. తప్పెటగుళ్ళ బృందానికి భోజనం, తలా ఒక శాలువా, బస్సు చార్జీలు. వాళ్ళ వీడియోకే ఇన్‌స్టాలో ఎక్కువ లైకులొచ్చాయి. ఇక్కడ ఎవరినో దోషిగా చెప్పట్లేదు. "జానపదం అంటే మన సంస్కృతి కదా, డబ్బులేంటి" అనే ఆలోచన మనందరి బుర్రలో అలా కూర్చుని ఉంది. డీజే అయితే సర్వీసు, తప్పెటైతే సేవ.

లక్క, పనస, ఒక ప్రభుత్వ ఉత్తర్వు

చేతిపని వాళ్ళ దగ్గరికి వద్దాం. వీళ్ళకి ఇచ్చేది మార్కెట్.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడి బొమ్మలకి వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉంటుంది, తిప్పుతూ చెక్కడానికి వీలుగా ఉంటుంది. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. చూడ్డానికి మ్యాజిక్ లాగా ఉంటుంది, నిజానికి అది శుద్ధ ఫిజిక్స్. రసాయన రంగులు వచ్చి పిల్లలు నోట్లో పెట్టుకోడానికి భయపడే రోజుల్లో, అదే ఊరి సి.వి. రాజు గారు గింజలు, బెరళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చారు. ఈ బొమ్మలకి 2017లో జి.ఐ. ట్యాగ్ వచ్చింది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలే.

ఇంత పేరున్న పనిని కూడా ఒక్క కాగితం ఆపేయగలదు. 2020లో కేంద్రం బొమ్మలకి నాణ్యతా ఉత్తర్వు తెచ్చింది. 2021 జనవరి నుంచి బి.ఐ.ఎస్. గుర్తు లేకుండా బొమ్మలు అమ్మకూడదు. నాసిరకం ప్లాస్టిక్ బొమ్మల్ని ఆపడానికి అది మంచిదే. కానీ ఇంటి అరుగు మీద లేత్ పెట్టుకున్న మనిషి ల్యాబ్ టెస్టులు ఎక్కడ చేయిస్తాడు? చివరికి 2020 డిసెంబర్‌లో సవరణ వచ్చింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్ళకి, జి.ఐ. కింద నమోదైన వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. చూశారా, జి.ఐ. ట్యాగ్ అంటే గొప్ప చెప్పుకునే స్టిక్కర్ అనుకుంటాం. ఆ రోజు దానివల్ల పని నిలబడింది. అయితే మినహాయింపు కావాలంటే పేరు నమోదై ఉండాలి, నమోదు కావాలంటే ఫారాలు నింపాలి. మనకి ఐదు నిమిషాల పని, వాళ్ళకి రోజు కూలి పోయే పని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలది కూడా ఇలాంటి కథే. పనస దుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా వీణ మొత్తం తొలుస్తారు. ఏకాండి వీణ అంటారు. ఇరవై నాలుగు మెట్లు మైనంలో కూర్చోబెట్టి శ్రుతి చూసేసరికి సుమారు నెల పడుతుంది. వాయించే వీణ కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకే వాళ్ళు చిన్న చిన్న బహుమతి వీణలు కూడా చేస్తారు. సభల్లో ముఖ్య అతిథికి ఇచ్చే, పలకని వీణలు. కొంతమందికి ఇది బాధగా అనిపిస్తుంది. నాకేమో అది వపా మాస్టారి పద్ధతి లాగే కనిపిస్తుంది. షోకేసులో పెట్టుకునే వీణ ఇల్లు గడుపుతుంది, కాబట్టి పలికే వీణ చెక్కే చెయ్యి బతికుంటుంది.

ఫోనులో కూర్చున్న కొత్త రాజు

ఇప్పుడు మనకి బాగా తెలిసిన చోటికి వచ్చాం. ఈ మధ్య ఉత్తరాంధ్ర జానపదం సినిమాల్లోనూ, యూట్యూబ్‌లోనూ బాగా మోగుతోంది. 2020లో వచ్చిన 'పలాస 1978' పాటలు దానికి పెద్ద ఊపు తెచ్చాయి. మద్రాసు రైలు ఎక్కక్కర్లేదు, ఫోనుంటే చాలు అంటున్నారు. సగం నిజం.

లెక్క చూద్దాం. యూట్యూబ్‌లో యాడ్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ దారిలో అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్. అది దాటాక మామూలు వీడియో యాడ్ ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం ఛానెల్‌కి వస్తుంది. ఇందులో అసలు మాట "ఛానెల్‌కి". పాడిన మనిషికి కాదు. కెమెరా, ఎడిటింగ్, ఛానెల్ ఒకరివి, గొంతు ఇంకొకరిది అయినప్పుడు గొంతుకి వచ్చేది చాలాసార్లు ఒక్కసారి చేతిలో పెట్టే డబ్బే.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత రాయల్టీలో వాళ్ళ వాటాని ఎవరికో రాసిచ్చేయమన్నా అది చెల్లదు, వారసులకో వాళ్ళ తరఫున వసూలు చేసే సొసైటీకో తప్ప. రచయితలకి, స్వరకర్తలకి ఐ.పి.ఆర్.ఎస్. ఉంది, 1969 నుంచి. గాయకుల కోసం 2013లో ఇస్రా వచ్చింది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. రికార్డయిన గానం మీద గాయకుడికి 50 ఏళ్ళ హక్కు ఉంది.

మరి నాట్లు వేస్తూ మా ఊరి అమ్మమ్మ పాడే పాట? దానికి రాసినవారి పేరు లేదు. కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకుని కొత్త వాద్యాలు చేర్చి రికార్డు చేస్తే, ఆ రికార్డింగ్ వాళ్ళదవుతుంది. పాటని వంద సంవత్సరాలు నోట్లో దాచి ఇక్కడిదాకా మోసుకొచ్చిన వాళ్ళకి చట్టంలో గడి లేదు. వాళ్ళ గొంతు రికార్డయితేనే, అదీ వాళ్ళ పేరు మీద నమోదైతేనే ఏదైనా. డేటాబేస్ చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ కాలమ్ ఖాళీగా ఉంటే డబ్బు పంపడానికి అడ్రస్ ఉండదు.

ఇంకో తేడా కూడా ఉంది. 1919లో రాజుగారు జీతం ఇచ్చారు, శిష్యుల్ని తయారు చెయ్యమన్నారు. ఇప్పటి అల్గారిథమ్ వ్యూస్ ఇస్తుంది, శిష్యుల్ని అడగదు. ఈ నెల పాట ఆడితే డబ్బు, వచ్చే నెల మర్చిపోతుంది. అంటే మళ్ళీ బహుమతుల కాలానికి వెళ్ళాం. కాకపోతే పాత రాజుగారికి కనీసం దణ్ణం పెట్టుకోవచ్చు, ఈయన ఎక్కడుంటాడో తెలీదు.

మనం చేయగలిగినవి

వ్యాసం చివర్లో "కళలను కాపాడుకుందాం" అని రాస్తే మీరు నవ్వుతారని నాకు తెలుసు. అందుకే చిన్న పనులే రాస్తున్నాను.

ఒకటి, ఫెస్ట్ బడ్జెట్. డీజే, లైటింగ్, ఫ్లెక్సీ ఉన్న ఆ షీట్‌లోనే జానపద బృందానికి ఒక వరుస పెట్టండి. ఎంత తీసుకుంటారో వాళ్ళనే అడగండి, అడ్వాన్స్ ఇవ్వండి. శాలువా ఆ తర్వాత.

రెండు, పేరు. వీడియో పెడితే బృందం పేరు, ఊరు పేరు, వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్ నంబరు రాయండి. "ఉత్తరాంధ్ర ఫోక్ వైబ్స్" అని రాస్తే తర్వాతి ప్రోగ్రాం ఎవరికి వస్తుంది?

మూడు, ఫారాలు. చేతివృత్తుల గుర్తింపు కార్డు, ఛానెల్ సెట్టింగులు, గాయకుల సొసైటీ నమోదు, ఇవన్నీ మనకి వచ్చిన పనులు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఒక్క రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటే చాలు.

నాలుగు, మీలో ఎవరైనా నిజంగా సాధన చేస్తుంటే. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. వయసు 18 నుంచి 25, అంటే సరిగ్గా మనమే. నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఇస్తారు. శాస్త్రీయ సంగీతం, నాట్యంతో పాటు చిత్రకళ, జానపద కళలు కూడా అందులో ఉన్నాయి.

ఇక మా పెద్దమ్మ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు చెప్పాలి. వీణ మీద బతకొచ్చా అంటే, ఒక్క వీణ మీదే బతికిన వాళ్ళు మా ప్రాంతంలో ఎప్పుడూ తక్కువే. పాఠం చెప్పుకుంటూ వాయించినవాళ్ళు, బడిలో పనిచేస్తూ బొమ్మలేసినవాళ్ళు, షిప్‌యార్డులో ఉంటూ పాట కట్టినవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో ఎవరూ "ఉద్యోగం వచ్చింది కదా" అని ఆపలేదు. కాబట్టి మా చెల్లి బీటెక్‌లో చేరినా సరే, ఇంటర్ తర్వాత ఆపాల్సిన పనైతే లేదు. తర్వాతిసారి పెద్దమ్మ వస్తే ఇదే చెప్తాను. తను ఊరుకోదు, "అయితే ఆ వీణ పాఠాలకి ఎంతిస్తారట?" అని అడుగుతుంది. అడగనివ్వండి. అడగాల్సిన ప్రశ్నే అది.